జడ్సన్ కూర్చున్న గంట

పది గంటల రెండు నిమిషాలు. మీటరు తీగను నీళ్ళలోకి వదిలి, అంకెలు నిలకడకు వచ్చేదాకా గట్టు మీద వంగి నిలబడ్డాను. నాలుగు పాయింట్ రెండు, ఒకటి, మళ్ళీ రెండు, సరే, రెండే అనుకుందాం, లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు, రొయ్య బతకడానికి చాలు, పెరగడానికి అంతంత మాత్రం. ముప్పై ఒక్క సంవత్సరాలు కావలిలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇంత చిన్న పెట్టెలో ఇంత చిన్న అంకెను ఇన్ని భయభక్తులతో చదవడం ఇదే మొదలు. భయం ఉంది, ఒప్పుకుంటాను, భక్తి అన్నది మాటకు జతగా వచ్చిపడింది, దాన్ని కొట్టివేయాలి. ఆకాశం నిండా మబ్బు, ఆకు కదలని గాలి, ఎండ లేని పూట నీటిలోని నాచు కూడా ప్రాణవాయువు విడవడం మాని పీల్చుకోవడం మొదలుపెడుతుంది, అందుకే ఎనిమిది ఏరియేటర్లూ, నీటిని చిలికే ఆ చక్రాలు, తెల్లవారుజాము నుంచీ ఆగకుండా తిరుగుతున్నాయి, వాటి హోరులో అవతలి సముద్రం ఉందో లేదో తెలియడం లేదు. గుంటలన్నీ దాటాక, ఒక కిలోమీటరు దూరాన, సరుగుడు తోపు పక్కన తెల్లగా కనిపించేది చర్చి. దాని మీది మైకులో ఆనందబాబు అయ్యగారి ప్రసంగం హోరును చీల్చుకుని అప్పుడప్పుడూ ఇక్కడికి చేరుతోంది, మాటలు తెలియవు, ఎత్తుపల్లాలు మాత్రం తెలుస్తున్నాయి. అక్కడ, మగవాళ్ళ వైపు మూడో బల్ల మీద, నా బావమరిది జడ్సన్ కూర్చుని ఉన్నాడు. కూర్చుని ఉండాలి. పది నుంచి పదకొండు దాకా అతను అక్కడి నుంచి లేవకుండా చూడడమే ఈ ఉదయం నాకు అప్పగించిన పని, ఆ పని అక్కడ ఉండి చేసేది కాదు, ఇక్కడ గుంట గట్టున నిలబడి చేసేది.

ఈ గుంటలో రొయ్య పిల్ల వదిలి నూట మూడు రోజులైంది, ఇంకో పన్నెండు రోజులకు పట్టుబడి, అంటే చేతికి రాబోయే పంట, అంటే చేజారడానికి కూడా ఇదే అదను. ఈ నూట మూడు రోజుల్లో జడ్సన్ రెండు గంటలు ఎడతెగకుండా నిద్రపోయిన దాఖలా లేదు. రోజుకు నాలుగుసార్లు మేత, మేత మేతకూ ట్రే ఎత్తి ఎంత తిన్నాయో చూడడం, నీళ్ళ రంగు, గుల్ల మెత్తబడిందా గట్టిపడిందా, ఇదంతా గుంట వైపు. చర్చి వైపు చూస్తే మంగళవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల సాధన, రాబోయే కోత పండుగకు పందిరి, భోజనాలు, అతిథులు, సంఘ పెద్దగా అన్నీ అతని నెత్తినే. కాదనడం జడ్సన్‌కు చేతకాదు. దేవుడికి కాదనలేడు, రొయ్యకు కాదనలేడు, రెంటికీ మధ్య మోటారు సైకిలు మీద తిరుగుతూ ఉంటాడు. పోయిన నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల వేళ, ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గ్లాసులు అమర్చిన పళ్ళెం చేతుల్లో పెట్టుకుని వరుస వరుసకూ నడుస్తుండగా జేబులో ఫోను వణికిందట, పక్కనే ఉన్న ఎనభై యేళ్ళ రోజమ్మ ఒడిలో పళ్ళెం పెట్టేసి గుంట దగ్గరికి పరిగెత్తాడు. నలభై గ్లాసులు ఒలికిపోతాయన్న భయంతో ఆ ముసలామె ఊపిరి బిగబట్టి ఎంతసేపు కూర్చుందో ఎవరూ గడియారం చూడలేదు, ఎవరో వచ్చి పళ్ళెం తీసుకున్నాక కూడా ఆమె మోకాళ్ళు విడదీయలేకపోయిందట. తీరా చూస్తే ఆ ఫోను సందేశం గుంటది కాదు, ఫోను కంపెనీవాళ్ళ కొత్త పథకం. ఊరంతా నవ్వింది, ప్రభువు బల్ల దగ్గర కూడా జడ్సన్ రొయ్యకే ముందు వడ్డిస్తాడన్నారు, అతనూ నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఈ గట్టు మీదే కూలబడి ఏడ్చాడని గుంట పనివాడు మునెయ్య చెప్పాడు. పది రోజులు తిరగకుండానే బండి మీద కునుకు తీసి కాలువలోకి దిగాడు. మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది. ఇంకోసారి అంతటితో సరిపోదని వైద్యుడు చెప్పనవసరం లేకుండానే మా అందరికీ తెలిసింది.

అతని అక్క, నా భార్య కెజియా, తీర్పు చెప్పినట్లు చెప్పింది: ఒక్క గంట. ఆరాధన మొత్తం కూర్చోలేవు, తెలుసు, ప్రసంగం మొదలైనప్పటి నుంచి ప్రభువు బల్ల ముగిసేదాకా, ఒక్క గంట, ఫోను నా సంచిలో ఉంటుంది, గుంట దగ్గర మీ బావ ఉంటాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేకపోయినా ఆక్సిజన్ మీద ఉంది. జడ్సన్ ఈ ఉదయం మీటరు నా చేతికి ఇస్తూ ఇవ్వలేక ఇస్తూ, గుంట వైపు చూస్తూ, "మూడుకి దిగితే మునెయ్యను పంపించు బావా, రెండు నిమిషాల్లో వొచ్చి పడతా" అన్నాడు. కెజియా వాణ్ణి బండెక్కించి, తాను ఎక్కబోతూ వెనక్కి వచ్చి, నా చొక్కా గుండీ సరిచేస్తున్నట్లు దగ్గరికి జరిగి, "ఆకాశం ఇరిగి పడినా పిలవబాకండి. గంటసేపు గమ్మున కూచోని ఎన్నాళ్ళయిందో వాడికే తెలవదు" అంది. ఇద్దరికీ సరేనన్నాను. తర్కం చదువుకున్నవాణ్ణి, రెండు సరేలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని తెలిసే అన్నాను.

ఒకప్పుడు ఈ వారం అన్న లెక్క మీద ఒక గంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. దినానికి ఆధారం భూమి తిరగడం, నెలకు చంద్రుడు, సంవత్సరానికి సూర్యుడు, మరి ఏడు రోజుల వారానికి ఆకాశంలో ఏ ఆధారమూ లేదు, మనిషి కల్పించుకున్నదే అని చెప్పి, సభలో కళ్ళు పెద్దవి చేసుకునే కుర్రాళ్ళను చూసి లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఫ్రాన్సులో విప్లవకారులు ఏడు రోజుల వారాన్ని రద్దు చేసి పది రోజుల వారం పెట్టారు, హేతుబద్ధమైన లెక్క, పదితో భాగించవచ్చు, సెలవు మాత్రం పదో రోజున. సోవియట్ దేశంలో యంత్రాలు ఆగకూడదని కార్మికులకు తలా ఒక రోజు సెలవు పంచారు, భర్త ఇంట్లో ఉన్న రోజు భార్య కర్మాగారంలో ఉండేది. రెండూ నిలవలేదు. ఎందుకు నిలవలేదన్నది నా ఉపన్యాసంలో ఉండేది కాదు, గంట చాలేది కాదు. గంట చాలకపోవడం నా జబ్బు కూడా. పెంచలకృష్ణ అని కొండ మీది దేవుడి పేరు పెట్టుకుని దేవుడు లేడని చెప్పడానికి ఆదివారం ఆదివారం ఎన్ని ఊళ్ళు తిరిగాను. గ్లిజరిన్ చుక్కలు పర్మాంగనేటు మీద వేసి అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, ఉత్త అరచేతిలో విభూది, చివరికి అన్నిటి గుట్టూ విప్పడం. కెజియా ఉదయం సండే స్కూలు, మధ్యాహ్నం స్త్రీల సమాజం, సాయంత్రం రోగుల పరామర్శ. దేవుడి కోసం ఆమె పరుగు, దేవుడు లేడని నా పరుగు, మా ఇంట్లో ఆదివారం సెలవు ఒక్క పొయ్యికే. ఆమెకు నెమ్మదిగా తెలివి వచ్చింది, ఒక్కొక్క పదవీ ఎవరో ఒకరికి అప్పగించి, ఇప్పుడు చర్చిలో కూర్చుని రావడం నేర్చుకుంది. నేర్చుకుంది అన్నాను, అవును, ఈత లాగే. నేను ఒడ్డున ఉన్నాను, అక్షరాలా, గట్టు మీద. పది గంటల పదిహేడు, నాలుగు పాయింట్ ఒకటి, పరవాలేదు.

పది పంతొమ్మిదికి చక్రాలు ఆగాయి. ఒక్కటొక్కటిగా ఆగలేదు, ఎనిమిదీ ఒకేసారి, తిరుగుతున్న వేగం ఇంకా మిగిలి రెండు చుట్లు బద్ధకంగా తిరిగి నీళ్ళు కారుస్తూ నిలిచిపోయాయి. నురగ చిట్లుతున్న చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. ఆ నిశ్శబ్దంలోకి సముద్రం నడిచి వచ్చింది. ఇంత దగ్గరగా ఉందా? ఇన్నేళ్ళుగా ఈ గట్టుకు వస్తున్నాను, ఒక్కసారి కూడా విన్న గుర్తు లేదు. వింటూ నిలబడ్డాను, నాలుగైదు సెకన్లు కావచ్చు, ఆ సెకన్లు నా ఉద్యోగ ధర్మానికి విరుద్ధం, అయినా వాటిని వెనక్కి ఇవ్వను. అప్పుడు ఇంకొకటి స్ఫురించింది. అయ్యగారి గొంతు కూడా ఆగిపోయింది. చర్చికీ గుంటలకీ ఒకటే తీగ, ఒకటే ట్రాన్స్‌ఫార్మరు, ఇక్కడ చక్రాలు ఆగితే అక్కడ ఫ్యాన్లు ఆగుతాయి, మైకు ఆగుతుంది. ఫోను లాక్కోగలిగాం, కరెంటు పోయిన కబురును ఆపగలమా? జడ్సన్‌కు ఈపాటికి తెలిసిపోయింది. తల ఎత్తి ఆగిన ఫ్యాను వైపు చూస్తూ ఉంటాడు. నేను చర్చి నుంచి వచ్చే మట్టిబాట వైపు చూశాను, మోటారు సైకిలు దుమ్ము లేస్తుందేమోనని. ఇంకా లేదు.

జనరేటరు ఉంది కదా, కంగారు ఎందుకు, అని మునెయ్య వైపు తిరిగాను. జడ్సన్ తండ్రి కాలం నుంచి ఈ గట్ల మీదే ముసలివాడైన మనిషి, ఎప్పుడూ నా కంటె ముందే నడిచేవాడు, జనరేటరు ఉన్న రేకుల గది ముందు నిలబడి తాళం వైపు చూస్తున్నాడు. డీజిలు దొంగలు పడ్డ నాటి నుంచి ఆ గదికి అరచేయంత తాళం, తాళంచెవి జడ్సన్ దగ్గర. మీటరు ఇచ్చాడు, ఫోను ఇచ్చాడు, మేత కొట్టు అప్పగించాడు, ఆదివారపు తెల్లచొక్కా తొడుక్కుంటూ ఈ తాళంచెవిని మాత్రం రోజూలాగే తీసి జేబులో వేసుకున్నాడు. అన్నీ అప్పగించి ఒక్కటి ఉంచుకున్నాడని అతనికే తెలిసి ఉండదు. "తాళంచెవి అబ్బయ్య జోబీలోనే ఉండాది సారూ, సైకిలేసుకోని పొయ్యి అడిగి తెస్తా, కాలుగంట పట్టదు" అన్నాడు మునెయ్య. మీటరు చూశాను. మూడు పాయింట్ తొమ్మిది.

లెక్క వేశాను, నాకు వచ్చిన పని అదొక్కటే. ఇంత ఒత్తుగా పెరిగిన రొయ్య, ఈ మబ్బు, ఈ నీళ్ళు, మూడుకు దిగడానికి పాతిక నిమిషాలు, అవి ఊపిరాడక పైకి తేలడానికి ఇంకో పావుగంట. మునెయ్య పదిహేను నిమిషాల్లో వస్తాడు. లెక్క ప్రకారం పంపడమే సరైనది, పాఠ్యపుస్తకంలో సమస్య అయితే దీనికి నూటికి నూరు మార్కులు. మునెయ్య చర్చి గుమ్మంలో నిలబడతాడు, తడి పంచెతో. అందరూ తిరిగి చూస్తారు. జడ్సన్ తాళంచెవి ఇచ్చి మళ్ళీ కూర్చుంటాడా? కూర్చోడు, బండి తానే నడుపుకుంటూ వస్తాడు, వచ్చి చక్రాలు తిప్పుతాడు, తిప్పి, నేను లేకపోతే చూశావా బావా అంటాడు, అది నిజమే అవుతుంది. ఆ తర్వాత ఈ లోకంలో ఎవరూ అతని చేతిలోంచి ఒక్క గంట తీసుకోలేరు, అక్క కాదు, వైద్యుడు కాదు, అతను మొక్కే దేవుడు కూడా కాదు. కాలువ మాత్రమే తీసుకుంటుంది. తాళం పోతే ఇంకో తాళం వస్తుంది. "వద్దు," అన్నాను, "గునపం తెప్పించు." తెప్పించడానికి ఎవరూ లేరు, మునెయ్యే తెచ్చాడు.

జీవితంలో ఒక్క తాళమూ పగలగొట్టినవాణ్ణి కాను. ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలినా పుస్తకంలో రాసి సంతకం పెట్టినవాణ్ణి. గునపం ఎత్తి తాళం మీద కొట్టాను, తాళం చెక్కుచెదరలేదు, నా భుజం మాత్రం చెదిరింది. మళ్ళీ కొట్టాను, నిప్పురవ్వలు. "అది పాఠం గాదు సారూ, తాళం. ఎంత చెప్పినా యినదు. పక్కకి రాండి" అన్నాడు మునెయ్య, గునపం మొన గొళ్ళేనికీ చట్రానికీ నడుమ దూర్చి, ఆ కొస మీద నన్ను పడమన్నాడు, ఇద్దరి బరువూ కలిపి నూట ఇరవై కిలోల వార్ధక్యం. అప్పుడే బాట మీద దుమ్ము లేచింది. మోటారు సైకిలు. నా చేతులు ఆగిపోయాయి. వచ్చేశాడు, ఇరవై ఎనిమిది నిమిషాలకే లేచిపోయాడు, అంతే, ఎవరి స్వభావం వాళ్ళది, మనిషి తన పనికి గానుగెద్దు, గంట తీసి మెడలో కట్టినా తీసేసినా ఒకటే గుండ్రం. బండి దగ్గరికొచ్చింది, వెనక ఐసుపెట్టె, దాని మీద గోతం. చేపలు అమ్ముకునేవాడు, మమ్మల్ని వింతగా చూస్తూ కాలువ గట్టెక్కి వెళ్ళిపోయాడు. వెనక దుమ్ము అణిగింది, బాట ఖాళీ. ఇంకా కూర్చునే ఉన్నాడు! ఆ క్షణంలో నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం, దానికి మూలం గ్రంథుల్లో ఉందని చెప్పగలను, పేరు కూడా చెప్పగలను, చెప్పను, గునపం కొస మీద పడ్డాను, చట్రంలోంచి గొళ్ళెం మేకులతో సహా ఊడి నేల మీద పడింది.

లోపల చీకటి, డీజిలు వాసన. బ్యాటరీ నీరసంగా మూలిగి ఊరుకుంది. మునెయ్య హ్యాండిలు తగిలించి తిప్పాడు, ఒకసారి దగ్గు, రెండోసారి దగ్గు, ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఆగిన చోట పాట వినిపించింది. మైకు లేదు, వాయిద్యం లేదు, వట్టి గొంతులు, నీళ్ళ మీదుగా, సముద్రపు అలలతో కలిసి, మైకులో ఎన్నడూ ఇక్కడిదాకా రానంత స్పష్టంగా. గాలి లేని పూట చల్లని నీటి మీద శబ్దం దూరం ప్రయాణిస్తుంది, దానికి కారణం నాకు తెలుసు, కారణం తెలిసినా ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అందులో ఒక గొంతు జడ్సన్‌ది అయి ఉండాలి. మూడోసారికి ఇంజను అందుకుంది. గది కంపించింది. నేను మీట ఎత్తాను, తీగల్లో ప్రాణం పాకింది, మొదటి చక్రం తిరిగింది, రెండోది, మూడోది, నీళ్ళు తెల్లగా లేచి పడ్డాయి, నాలుగు, అయిదు, నేను పైకే లెక్కపెడుతున్నాను, ఆరు, ఏడు, మునెయ్య తల మీది తువ్వాలు తీసి గాల్లో తిప్పుతున్నాడు, ఎనిమిది! గుంట గుంటంతా ఒక్కటే గర్జన. ఇద్దరు ముసలివాళ్ళం గట్టు మీద గ్రీజు చేతులతో ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ఎన్ని సభల్లో ఎంతమంది చప్పట్లు కొట్టారు, ఏ చప్పట్లూ ఈ ఎనిమిది చక్రాల పాటి చేయవు. మీటరు మూడు పాయింట్ మూడు చూపింది, అక్కడే కొంత సేపు తటపటాయించింది, మూడు పాయింట్ నాలుగు అయింది. గంటను నిలబెట్టింది ఎవరని అయ్యగారు అడిగితే నా దగ్గర సాక్ష్యంతో సహా సమాధానం ఉంది, మునెయ్య గునపం.

పదకొండు అయింది. బాట మీద ఎవరూ లేరు. పదకొండుంబావు. ఇప్పుడు నాకే కంగారు, ఇంకా రాడేమిటి అని. పదకొండు ఇరవై రెండుకు బండి కనిపించింది, వెనక కెజియా, మనిషి నడిచే వేగం కన్నా కాస్త ఎక్కువ, గుంతలు చూసి తప్పిస్తూ వస్తున్నాడు. జడ్సన్ బండి అలా నడపగలడని నాకు తెలియదు. దిగి, ఊడిపడిన గొళ్ళెం చూశాడు, నా చేతుల గ్రీజు చూశాడు. కరెంటు పోయింది తెలుసా అని అడిగాను, అడగక్కర్లేని ప్రశ్న.

"తెలిసింది బావా. ఫ్యాన్లు ఆగినాయి. జోబీలో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. గబుక్కున లేసి నిలబడినా."

కెజియా ఏం చేసిందని అడిగాను.

"అక్క నా పక్క తల తిప్పి కూడా చూడలా. నిలబడే ఉండా. మునెయ్య వొస్తాడేమోనని గుమ్మం పక్క చూసినా, రాలా. సరే, బావ తాళం పగలగొట్టుంటాడులే అనుకోని కూచున్నా. ఆ తర్వాత ఇంక లేవబుద్ధి కాలా."

కూర్చున్నాడు. పదింటికి కూర్చోవడం అక్క బలవంతం, అది నేను లెక్కలోకి తీసుకోను; చేతిలో తాళంచెవి పట్టుకుని, ఆగిపోయిన చక్రాలు కళ్ళకు కడుతుండగా, ఎవరూ చెయ్యి పట్టి లాగకుండా, రెండోసారి కూర్చున్నాడే, అదీ కూర్చోవడం. నలభై యేళ్ళుగా నమ్మకానికి ఆధారం చూపించమని కనిపించిన వాళ్ళందరినీ నిలదీశాను. నేను తాళం పగలగొడతానని నమ్మడానికి ఈ మనిషి దగ్గర ఏ ఆధారం ఉంది? నా గతమంతా దానికి వ్యతిరేక సాక్ష్యం. అయినా నమ్మాడు, నమ్మి విశ్రాంతిగా పాట పాడాడు, నేనేమో అతను లేచివస్తాడని బాట వైపు చూస్తూ చెమటలు కార్చాను. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరిలో ఎవరి అంచనా తప్పిందో ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, సిగ్గుకు బదులు ఛాతీ వెడల్పవుతోంది.

మీటరు అంకె నా నాలుక చివర సిద్ధంగా ఉంది, నాలుగు పాయింట్ ఎనిమిది. అడుగుతాడని ఎదురుచూశాను. అతను గుంట వైపు ఒకసారి చూశాడు, పొలం చూసుకున్నట్లు కాదు, ఎవరిదో అందమైన చెరువు చూసినట్లు చూసి, షెడ్డులోని నులక మంచం మీద తెల్లచొక్కాతోనే ఒరిగాడు. కెజియా చెప్పులు విప్పేలోపు గురక. పక్కనే జనరేటరు, పక్కనే ఎనిమిది చక్రాలు, ఆ రొదలో.

అన్నానికి లేపుదామా అన్నట్లు కెజియా నా వైపు చూసింది. వద్దన్నాను. అప్పుడే నా ఫోను మోగింది, కావలి నుంచి కిషోర్ బాబు, మా హేతువాద సంఘం కార్యదర్శి. సాయంత్రం నాలుగింటికి సభ, పెంచలకృష్ణ గారూ, కారు పంపిస్తున్నాం, సిద్ధంగా ఉండండి అంటున్నాడు. ఈ రోజు రాలేను అన్నాను. నలభై యేళ్ళలో నా నోట ఆ మాట వినలేదేమో, రెండుసార్లు హలో హలో అన్నాడు. ఒంట్లో బాగాలేదా, అంత పెద్ద పని ఏమొచ్చిందని అడిగాడు. మీటరు తీగను మళ్ళీ నీళ్ళలోకి వదులుతూ, వీలైనంత గొంతు తగ్గించి చెప్పాను.

"ఇక్కడొక మనిషి నిద్రపోతున్నాడు. కాపలా ఉండాలి."